వంటింటి ప్రమాదాలు: చెయ్యకూడనివి ముందే తేల్చుకోండి

నూనె పొయ్యి మీద పెట్టి, ఫోను మోగితే పక్క గదిలోకి వెళ్లారు. తిరిగొచ్చేసరికి బాణలి మండుతోంది. మీ అత్తగారు నీళ్ల గిన్నె ఎత్తబోతే మీవారు ఆపి, పొయ్యి కట్టేసి, పెద్ద మూత పెట్టేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి పొయ్యి వెలిగించాలంటే చెయ్యి వణుకుతోందన్నారు. నాలుగేళ్ల బాబు, పెద్దావిడ ఉన్న ఇంట్లో ఏమేం మార్చుకోవాలి, మంటలార్పే సిలిండరు కొనాలా అని అడిగారు.

ముందుగా, మీవారు చేసింది పూర్తిగా సరైన పని. అత్తగారిని ఎవరూ తప్పుపట్టకండి. మంట కనబడగానే నీళ్ల కోసం చూడటం ఎవరికైనా సహజమే. నేను చాలా ఏళ్లు అగ్నిమాపక సిబ్బందిలో పనిచేశాను, ఇప్పుడు ఇళ్లలో ఉండేవాళ్లకు ఈ విషయాలే నేర్పుతున్నాను. వంటింటి ప్రమాదాల్లో నాకు మళ్లీ మళ్లీ కనబడింది ఒకటే. మొదట పుట్టిన మంట దాదాపు ఎప్పుడూ చిన్నదే. కంగారులో చేసిన మొదటి పని దాన్ని పెద్దది చేస్తుంది. మండే నూనె మీద నీళ్లు పోయడం, మండే బాణలి ఎత్తుకుని బయటికి పరుగెత్తడం, గ్యాస్ వాసన రాగానే లైటు వెయ్యడం, కాలిన చోట ఐసు పెట్టడం. ఆ క్షణంలో ఈ నాలుగూ సరైనవే అనిపిస్తాయి, నాలుగూ తప్పే. అందుకని వస్తువులు కొనడం కంటే ముందు, ఈ నాలుగింటి బదులు ఏం చెయ్యాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

నూనె సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎందుకో తెలిస్తేనే ఆ క్షణంలో గుర్తుంటుంది. మనం వేయించేది 170 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య. మామూలు రిఫైన్డ్ నూనెలు చాలావరకు 200 నుంచి 230 డిగ్రీల ప్రాంతంలో పొగ వదలడం మొదలుపెడతాయి. అలాగే వదిలేస్తే వేడి ఎక్కుతూ పోయి, దాదాపు 350 డిగ్రీల దగ్గర ఏ నిప్పూ తగలకుండానే నూనె తనంతట తాను అంటుకుంటుంది. అంటే పొగ కనబడటం మనకు అందే హెచ్చరిక. పొగ వచ్చిందంటే వెంటనే పొయ్యి కట్టెయ్యాలి, బాణలిని కదపకూడదు. ఆ పొగకూ మంటకూ మధ్య ఎంతసేపు పడుతుందన్నది నూనె ఎంత ఉంది, మంట ఎంత పెద్దది అన్నదాని మీద ఉంటుంది. అడుగున కొద్దిగా ఉన్న నూనె చాలా త్వరగా వేడెక్కుతుంది. "కొంచెమే కదా" అని వదిలి వెళ్లడం అందుకే ఎక్కువ ప్రమాదం.

నీళ్లు ఎందుకు పొయ్యకూడదు? నీళ్లు నూనె కంటే బరువు. పోసినవి పోసినట్టు నూనె అడుక్కి దిగుతాయి. 300 డిగ్రీలు దాటిన నూనెలో పడ్డ నీళ్లు ఉన్నపళంగా ఆవిరైపోతాయి. నీరు ఆవిరిగా మారితే దాదాపు 1700 రెట్లు వ్యాపిస్తుంది. ఆ ఆవిరి పైనున్న నూనెను తుంపరలుగా గాల్లోకి చిమ్ముతుంది, ప్రతి తుంపరా మండుతుంది. ఒక్క గ్లాసు నీళ్లకే మంట పైకప్పును అందుకుంటుంది. తర్వాత మిగిలేది కాలిన బాణలి కాదు, కాలిన మనిషి. బాణలి ఎత్తుకెళ్లడం కూడా అంతే ఘోరం. నడుస్తుంటే ఎదురుగాలి మంటను మీ ముఖం మీదికి తోస్తుంది, చెయ్యి కాలగానే బాణలి వదిలేస్తారు, మండే నూనె కాళ్ల మీద పడుతుంది.

చెయ్యాల్సింది మీవారు చేసిందే. నాబ్‌కు చెయ్యి అందితే పొయ్యి కట్టెయ్యండి. మంట దాటి చెయ్యి చాచాల్సి వస్తే ముందు మూత. మూతను మీకూ మంటకూ మధ్య అడ్డుగా పట్టుకుని, దగ్గరి అంచు నుంచి అవతలికి జరుపుతూ కప్పండి. పైనుంచి పడెయ్యకండి. బాణలి కంటే కాస్త పెద్దదైన లోహపు మూత కావాలి, గాజు మూత ఆ వేడికి పగలొచ్చు. సరిపడా మూత లేకపోతే అడుగు చదునుగా ఉన్న పెద్ద లోహపు పళ్లెం చాలు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు: ఆరిందా లేదా అని రెండు నిమిషాలకే మూత ఎత్తి చూస్తారు. లోపల నూనె ఇంకా తనంతట తాను అంటుకునేంత వేడిగానే ఉంటుంది, గాలి తగలగానే మళ్లీ భగ్గుమంటుంది. బాణలి పూర్తిగా చల్లారేదాకా, అంటే గంట పట్టినా సరే, ముట్టుకోవద్దు. పిండి, చక్కెర చల్లకండి. అవి మండే పదార్థాలు, పిండి ధూళి గాల్లో లేస్తే పేలినట్టు అంటుకుంటుంది. వంటసోడా పనిచేస్తుంది గానీ చాలా చిన్న మంటకే, అదీ గుప్పెళ్లకొద్దీ పోస్తేనే. ఓవెన్‌లోనో మైక్రోవేవ్‌లోనో మంట కనిపిస్తే తలుపు తియ్యకండి. స్విచ్చి కట్టేస్తే లోపలి గాలి అయిపోయి అదే ఆరుతుంది.

కాబట్టి మీ వంటింట్లో చెయ్యాల్సిన మొదటి మార్పుకు పైసా ఖర్చు లేదు. నూనె పెట్టే ముందు దాని మూత పక్కన పెట్టుకోండి. అల్మరాలో కాదు, గట్టు మీద. బాణలిలో నూనె మూడో వంతుకు మించనివ్వకండి, వేసే వస్తువుల తడి తుడవండి. పొయ్యి వెలుగుతున్నంతసేపూ మనిషి అక్కడే ఉండాలి. ఫోను మోగినా, తలుపు కొట్టినా ముందు పొయ్యి కట్టండి, తర్వాత వెళ్లండి. వేయించేటప్పుడు దీనికి మినహాయింపు లేదు. నెమ్మదిగా ఉడికేవాటికి ఇంట్లోనే ఉండి, టైమరు పెట్టుకుని మధ్యమధ్యలో చూసుకుంటే చాలు. నిద్ర వస్తున్నప్పుడు, మత్తు కలిగించే మందులు వేసుకున్నప్పుడు నూనె పెట్టవద్దు. ఈ ఒక్క అలవాటు కుదిరితే మీ ఇంటి వంటింట్లో మంట పుట్టే అవకాశం చాలావరకు తగ్గినట్టే, దీనికంటే పెద్ద సలహా నా దగ్గర లేదు.

ఇక గ్యాస్. సిలిండర్లో ఉండే ఎల్‌పీజీ ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం. ద్రవంగా ఉన్నది బయటికొస్తే దాదాపు 250 రెట్లు వాయువుగా వ్యాపిస్తుంది, గాలిలో 2 శాతం చేరినా చాలు, అంటుకుంటుంది. ఇది గాలి కంటే బరువు. కారిన గ్యాస్ నేల మీద పరుచుకుని, గట్టు కింద, అల్మరా అడుగున, మెట్ల కింద పేరుకుంటుంది. పైన కిటికీ తెరిచి ఉన్నంత మాత్రాన పోయిందనుకోవద్దు, కింద గాలి కదిలేలా తలుపు కూడా తియ్యాలి. పైపు ద్వారా వచ్చే సహజవాయువు దీనికి విరుద్ధం. అది ముఖ్యంగా మీథేన్, గాలి కంటే తేలిక కాబట్టి పైకప్పు దగ్గర చేరుతుంది. మీ ఇంట్లో ఏది వాడుతున్నారో దాన్ని బట్టే గ్యాస్ పసిగట్టే అలారంను నేలకు దగ్గరగానో పైకప్పుకు దగ్గరగానో పెట్టాలి. తప్పు ఎత్తులో పెట్టిన అలారం మోగేసరికి ఆలస్యమైపోతుంది.

గ్యాస్‌కు సొంత వాసన లేదు. కారితే తెలియాలని మెర్కాప్టన్ అనే ఘాటైన రసాయనం కలుపుతారు. కానీ అదే వాసనలో కాసేపు ఉంటే ముక్కు అలవాటు పడిపోతుంది, "తగ్గిందిలే" అనిపిస్తుంది. వయసు పైబడినవాళ్లకు వాసన పట్టే శక్తి తగ్గుతుంది కూడా. మీ అత్తగారు మధ్యాహ్నాలు ఒంటరిగా వంట చేస్తారన్నారు కాబట్టి, మీ ఇంటికి అలారం విలాసం కాదు, అవసరం.

వాసన వచ్చినప్పుడు ఏ స్విచ్చీ వెయ్యకండి, వేసి ఉన్నది ఆపకండి కూడా. ఆపేటప్పుడు సైతం స్విచ్చి లోపల నిప్పురవ్వ పుడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే గ్యాస్ పోతుందనుకుంటారు, అది చాలా ప్రమాదం. చేతనైతే నాబులు, రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, అందరూ బయటికి వచ్చి, అక్కడి నుంచే ఫోను చెయ్యాలి. చీకట్లో ఉన్నా సరే, టార్చి కూడా లోపల వెలిగించవద్దు.

రోజువారీ జాగ్రత్తల్లో సిలిండరును ఎప్పుడూ నిలబెట్టే ఉంచండి. పడుకోబెడితే వాయువు బదులు ద్రవం బయటికి తోసుకొస్తుంది, రెగ్యులేటరు దాన్ని ఆపలేదు. పొయ్యి సిలిండరు కంటే ఎత్తులో ఉండాలి. రబ్బరు పైపు మీద ముద్రించిన గడువు చూడండి. గడువు ఉన్నా సరే, వంచితే పగుళ్లు కనబడినా, గట్టిబడినా, ఎలుక కొరికిన గుర్తున్నా ఆ రోజే మార్చండి. పైపును పొయ్యి వెనక నుంచి వేడి తగిలేలా తిప్పకండి. అతుకుల దగ్గర కారుతోందేమో చూడటానికి సబ్బు నురగ రాయండి, బుడగలు వస్తే కారుతున్నట్టు. అగ్గిపుల్లతో పరీక్షించడం ఇప్పటికీ చూస్తుంటాను, దయచేసి ఎవరూ చెయ్యకండి. రాత్రి రెగ్యులేటరు కట్టడం మీవారి పని, మీ పని అని కాకుండా, చివర వంటింట్లోంచి బయటికొచ్చేవారి పనిగా పెట్టుకోండి. మంట నీలంగా ఉండాలి. పసుపురంగుకు తిరిగి గిన్నెల అడుగు మసిబారుతుంటే గ్యాస్ సరిగ్గా కాలడం లేదని, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు తయారవుతూ ఉండొచ్చని అర్థం. దానికి రంగూ వాసనా ఉండవు. బర్నరు శుభ్రం చేయించండి. బొగ్గుల కుంపటిని మూసిన గదిలో పెట్టకూడదన్నదీ ఇందుకే.

కుక్కరు గురించి మీరు అడగలేదు గానీ, చెప్పకుండా వదలలేను. వెయిటు ఉన్న కుక్కరు లోపల ఉష్ణోగ్రత దాదాపు 120 డిగ్రీలు. ఆ స్థితిలో మూత బలవంతంగా తీస్తే లోపలి నీరు ఒక్కసారిగా మరిగి మీ మీదికి ఎగజిమ్ముతుంది. ప్రతిసారీ మూతకున్న ఆవిరి గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూడండి, అటువైపు కనబడాలి. మూడింట రెండు వంతులకు మించి నింపవద్దు. నురగ వచ్చేవీ ఉబ్బేవీ అయితే సగమే. సేఫ్టీ వాల్వు ఒకసారి కరిగిందంటే అది తన పని చేసిందని, లోపల ఎక్కడో అడ్డుపడిందని గుర్తు. కారణం చూడకుండా కొత్తది బిగించి మళ్లీ పెట్టకండి, ఆ వాల్వు కూడా ఆ కంపెనీదే అయి ఉండాలి.

బాబు విషయానికొస్తే, మంట కంటే వేడి నీళ్లకే నాకు ఎక్కువ భయం. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని 5 సెకన్లలో లోతుగా కాల్చగలవు. పిల్లల చర్మం పలచన, వాళ్లకు ఇంకా తక్కువ సమయం చాలు. వేడి పానీయం పోసి పదిహేను నిమిషాలైనా చిన్నపిల్లల మీద పడితే కాలుతుంది. నాలుగేళ్ల పిల్లవాడికి గట్టు పైన ఏముందో కనబడదు, అందేది పట్టుకుని లాగుతాడంతే. కాబట్టి గిన్నె కాడలు గోడవైపు తిప్పండి, మరిగేవి వెనక బర్నరు మీద పెట్టండి, కెటిల్ వైరు గట్టు అంచున వేలాడనివ్వకండి, బల్ల మీద కిందికి జారే గుడ్డ తీసెయ్యండి. వేడి గిన్నె ఎప్పుడూ నేల మీద దించకండి. పొయ్యి చుట్టూ ఒక మీటరు దూరంలో నేల మీద రంగు టేపు అంటించి, అది దాటకూడదని బాబుకు నేర్పండి. ఆ వయసు పిల్లలకు గీత బాగా అర్థమవుతుంది, పైగా మీరే దాటినా వాడే గుర్తుచేస్తాడు. బాబును ఎత్తుకుని మాత్రం వంట చెయ్యకండి, ఎంత ఏడ్చినా సరే. పొయ్యి కట్టేసి ఎత్తుకోండి.

కాలితే ఏం చెయ్యాలో ఇంట్లో అందరికీ ఒకే మాట తెలిసి ఉండాలి: కుళాయి కింద పారే చల్లటి నీళ్లు, 20 నిమిషాలు. ఐసు వద్దు, అది రక్తనాళాలను బిగించి గాయాన్ని ఇంకా లోతు చేస్తుంది. టూత్‌పేస్టు, నెయ్యి, పిండి, సిరా, ఇవేవీ రాయవద్దు. వేడిని లోపలే బంధిస్తాయి, ఆసుపత్రిలో వాటిని తుడిచేటప్పుడు పడే బాధ వేరు. ఆలస్యంగా గుర్తొచ్చినా మూడు గంటలలోపు అయితే నీళ్లు పెట్టడం వల్ల మేలే. ఉంగరాలు, గాజులు, గడియారం వాపు రాకముందే తీసెయ్యండి. వేడి తగిలిన బట్టలు విప్పండి, చర్మానికి అంటుకుపోయినవి మాత్రం లాగకండి. పిల్లలకైతే కాలిన చోటే నీళ్లు పెట్టి, మిగతా ఒళ్లు దుప్పటితో వెచ్చగా ఉంచండి. తర్వాత ఆహారం చుట్టే పలచటి ప్లాస్టిక్ పొరను బిగించకుండా మీద పరచండి, బొబ్బలు చితపకండి. గాయం దెబ్బతిన్నవారి అరచేతి కంటే పెద్దదైనా, ముఖం, చేతులు, కీళ్లు, మర్మాంగాల దగ్గరైనా, కరెంటు వల్లైనా, చిన్నపిల్లలకైనా డాక్టరుకు చూపించాల్సిందే. కాలిన చోట తెల్లగానో నల్లగానో మారి నొప్పి లేకపోతే సంతోషించకండి, నొప్పి తెలిపే నరాలు కాలిపోయాయని అర్థం.

బట్టలంటుకుంటే పరుగెత్తకూడదు, పరుగు మంటకు గాలి పోస్తుంది. ఉన్నచోటే ఆగి, కింద పడుకుని, ముఖాన్ని చేతులతో కప్పుకుని దొర్లాలి. ఇది బాబుతో ఆటలా నేర్పించండి. సింథటిక్ బట్టలు కరిగి చర్మానికి అతుక్కుంటాయి కాబట్టి వంట దగ్గర నూలు బట్టలు మేలు. కానీ నూలైనా వదులుగా వేలాడే చేతులు, కొంగు పొయ్యి మీదుగా రాకూడదు. శానిటైజరు రాసుకుంటే పూర్తిగా ఆరాకే లైటరు ముట్టండి. ఆల్కహాలు మంట వెలుతురులో కనబడనంత లేతగా ఉంటుంది.

కరెంటు వైపు చూస్తే, 2000 వాట్ల కెటిల్ 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్నీ మైక్రోవేవ్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే వైరు లోలోపలే కరుగుతుంది. ప్లగ్గు చేత్తో పట్టుకుంటే వేడిగా తగిలినా, గోధుమరంగుకు తిరిగినా వాడటం ఆపెయ్యాలి. మిక్సీ గిన్నెలో వేలు పెట్టేముందు స్విచ్చి కట్టడం చాలదు, ప్లగ్గు పీకాలి. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, ఉందో లేదో ఎలక్ట్రీషియన్ను అడగండి. తడిచేత్తో షాకు కొట్టినప్పుడు ప్రాణం నిలబెట్టేది అదే. ఫ్రిజ్ వెనక గాలి ఆడాలి, వైరు దాని కింద నలగకూడదు. 2017 జూన్ 14న లండన్‌లో 72 మందిని బలిగొన్న గ్రెన్‌ఫెల్ టవర్ మంట నాలుగో అంతస్తులోని ఒక వంటింట్లో, ఫ్రిజ్ దగ్గర మొదలైందే. అది అంతగా పాకడానికి భవనం బయటి గోడలకు తొడిగిన మండే పలకలు కారణం. అయినా మొదలైంది మాత్రం మనం రోజూ పట్టించుకోని వస్తువు దగ్గరే.

మిగతావి క్లుప్తంగా. మొండి కత్తి పదునైనదాని కంటే ప్రమాదం, బలం వేసి నొక్కితే జారుతుంది. కత్తి చేజారితే పట్టుకోబోకండి, కాళ్లు వెనక్కి తియ్యండి. సబ్బునీళ్ల సింకులో కత్తి వదలకండి. నేల మీద నూనె చుక్క పడితే తర్వాత కాదు, అప్పుడే తుడవాలి. మీ అత్తగారి వయసులో తుంటి ఎముక విరిగితే కోలుకోవడం చాలా కష్టం. బ్లీచింగ్‌ను ఆమ్లం ఉన్న క్లీనర్లతో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఏ రెండు క్లీనర్లనూ కలపకండి. వాటిని తాగే సీసాల్లో పోసి పెట్టకండి. పిల్లలు తాగితే వాంతి చేయించకుండా సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మంటలార్పే సిలిండరు కొనాలా అన్నారు. కొనండి, కానీ ఏది పడితే అది కాదు. వంటనూనె మంటకు వెట్ కెమికల్ రకం ఉంటుంది. దేశాన్ని బట్టి దాని మీద కె క్లాస్ అనో ఎఫ్ క్లాస్ అనో రాసి ఉంటుంది. ఆ ద్రవం నూనెతో కలిసి సబ్బులాంటి పొర కట్టి, మంటకు గాలి అందకుండా చేసి చల్లారుస్తుంది. మామూలు పౌడరు సిలిండరు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు దగ్గర్నుంచి కొడితే ఆ వేగానికి నూనె చిమ్మే ప్రమాదం ఉంది. దాంతోపాటు ఒక ఫైర్ బ్లాంకెట్, అంటే మంట మీద కప్పి ఆర్పే, నిప్పంటుకోని దుప్పటి, తీసుకోండి. మీ అత్తగారికి బరువైన సిలిండరు ఎత్తడం కంటే అది సులువు. రెండింటినీ పొయ్యి పైన కాకుండా వంటింటి తలుపు పక్కన తగిలించండి. మంట దాటుకుని అందుకోవాల్సిన చోట ఉంటే అవి లేనట్టే. నెలకోసారి మీటరు ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో చూడండి. పొగ అలారం వంటింట్లోనే పెడితే ఊరికే మోగి, విసుగొచ్చి బ్యాటరీ పీకేస్తారు. పొయ్యికి మూడు మీటర్ల దూరంలో, నడవలో పెట్టండి. వంటింట్లో అయితే వేడికి స్పందించే అలారం పెట్టుకోవచ్చు.

చేతి వణుకు గురించి అడిగారు కదా. ఈ ఆదివారం పొయ్యి వెలిగించకుండా, చల్లటి ఖాళీ బాణలి పెట్టి, ముగ్గురూ వంతులవారీగా మూత జరిపి కప్పడం, నాబ్ కట్టడం చెయ్యండి. మొదట అత్తగారితో చేయించండి. రెండు మూడుసార్లు చేస్తే చేతికే గుర్తుండిపోతుంది. ఆ తర్వాత మీరొక్కరే కాకుండా పక్కన ఎవరినైనా ఉంచుకుని, చిన్న మంట మీద వంట మొదలుపెట్టండి.

ఎప్పుడు పోరాడకూడదో కూడా అప్పుడే మాట్లాడుకోండి. మంట బాణలి దాటి అల్మరాకో కర్టెనుకో అంటుకున్నా, పొగ తల ఎత్తు దాకా దిగినా, సిలిండరు దగ్గరికి మంట చేరినా ఇక ఆర్పడం మీ పని కాదు. వంటింటి తలుపు వెనక నుంచి మూసేసి, అందరూ బయటికి వెళ్లండి. మూసిన తలుపు పొగనూ మంటనూ విలువైన కొన్ని నిమిషాలు ఆపుతుంది. నగలకో కాగితాలకో తిరిగి లోపలికి ఎవ్వరూ వెళ్లకూడదు. మీ దగ్గరి ఫైర్ స్టేషన్ నంబరు, మీ ఇంటి పూర్తి చిరునామా, గుర్తుపట్టే ఆనవాలు, మీ అంతస్తు, ఇవన్నీ పెద్ద అక్షరాలతో రాసి రెండు కాపీలు చెయ్యండి. ఒకటి వీధి తలుపు లోపలివైపు అంటించండి, ఒకటి అత్తగారి ఫోను కవరులో పెట్టండి. ఫోను ఎత్తగానే ఏం జరిగిందన్నదాని కంటే ముందు చిరునామా చెప్పమనండి. మధ్యలో లైను తెగిపోయినా బండి బయల్దేరుతుంది.